ఈ ఇంట్లో లోపం లేదు

నరసరావుపేట బస్టాండు సెంటర్లో ఫ్లెక్సీ చూస్తే గాని ఆయన పోయిన సంగతి నాకు తెలియలేదు. మా తాతగారి కాలంలో చావు కబురు మనిషి తెచ్చేవాడు. గుమ్మం బయట నిలబడి, తలగుడ్డ తీసి, గొంతు తగ్గించి చెప్పేవాడు. ఇప్పుడు కరెంటు స్తంభం చెబుతోంది.

ఒక పక్క ఎవరో నాయకుడి జన్మదిన శుభాకాంక్షలు, ఇంకో పక్క బోర్లు వేస్తామన్న ప్రకటన. నడుమ ఆయన. తల ఆయనదే. కాలేజీ గుర్తింపు కార్డులోంచి కత్తిరించినట్టుంది, కళ్ళజోడు ఒక పక్కకు ఒరిగి ఉంది. మెడ కింది నుంచి మాత్రం ఆయన కాదు. జరీ కండువా, పట్టుపంచె, జోడించిన చేతులు. ఆ ఒళ్ళు ఎవరిదో ఫ్లెక్సీ కొట్టినవాడికే తెలియాలి. ఆయన చేతులు జోడించగా నేను చిన్నప్పటి నుంచీ చూడలేదు. ఒక చెయ్యి జేబులో ఉండేది, రెండోది ఎవరిదో ఒకరి గోడ మీద ఉండేది.

కింద పెద్ద అక్షరాలతో ‘వాస్తు బ్రహ్మకు అశ్రునివాళి’ అని ఉంది.

ఎండలో గొడుగు వేసుకుని నిలబడి ఆ మాట మళ్ళీ చదివాను. ఏ మాట మీద ఆ మనిషి జీవితమంతా కత్తి దూశాడో, ఆ మాటే ఆయన కాళ్ళ దగ్గర పూలదండలా పరిచి సాగనంపుతున్నారు. నడిరోడ్డు మీద నవ్వే అలవాటు మా ఇంటివాళ్ళకు లేదు. గొడుగు కాస్త ముందుకు వంచుకున్నాను.

ఆయన ఇంజనీరు, ఆర్కిటెక్చరు ప్రొఫెసరు. మా ఊరివారే, మా వీధివారే. తండ్రి మిరప, పత్తి వేసేవాడు. ఇద్దరం నరసరావుపేట హైస్కూల్లో చదువుకున్నాం, ఆయన నాకన్నా ఒక తరగతి పైన. కాలువల శాఖలో ఇంజనీరుగా చేరి, కట్టిన తూములు తమ ఇష్టప్రకారం కారుతున్నాయని విసుగుపుట్టి, ఉద్యోగం మానేసి మళ్ళీ విద్యార్థి అయి ఆర్కిటెక్చరు చదివారు. ఆ తర్వాత బెజవాడ దగ్గర ఒక కాలేజీలో జుట్టు నెరిసేదాకా పాఠాలు చెప్పారు. ఏ ఏడు ఏ పదవి వచ్చిందో కాలేజీవాళ్ళకు తెలుస్తుంది. నాకు తెలిసింది ఆయన నడిమివేలి కణుపు.

ఎక్కడికి వెళ్ళినా ముందు ఆ కణుపుతో గోడను తట్టేవారు. మూడు దెబ్బలు. తల పక్కకు వంచి వినేవారు. వైద్యుడు రోగి వీపు తట్టి విన్నట్టు. ఆ తర్వాతే ఇంట్లో మనుషుల వైపు చూసి పలకరించేవారు. పెళ్ళిలో తాళి కట్టబోయే ముందు కూడా మంటపం స్తంభాన్ని తట్టి “బోలు” అన్నారని వాళ్ళ చుట్టాలు చెబుతారు. పెళ్ళికూతురి తండ్రి అది తమ సంబంధాన్ని గురించి అన్న మాటనుకుని చిన్నబుచ్చుకున్నాడట.

ఒకసారి ఇద్దరం ఏదో పనిమీద సర్కారు ఆఫీసుకి వెళ్ళాం. కొత్త భవనం, రంగు వాసన కూడా పోలేదు. ఈయన గోడ తట్టడం మొదలుపెట్టారు. బల్ల వెనక కూర్చున్న గుమాస్తా తలెత్తాడు.

“ఏందండీ ఆ కొట్టడం?”

“లోపల సిమెంటు ఉందేమోనని పిలుస్తున్నా. పలకటంలా.”

మా పని ఆ రోజు కాలేదు. ఆ తర్వాత కూడా కాలేదు. నేను కోప్పడితే ఆయన అన్న మాట: “మనిషిని అడిగితే మర్యాద చెబుతాడోయ్. గోడని అడుగు, నిజం చెబుద్ది.”

నన్ను ‘ఏమోయ్’ అని పిలిచేవాళ్ళలో ఆఖరి మనిషి ఆయన. ఊళ్ళో అందరూ ‘బాబుగారు’ అంటారు. ఆ పిలుపులో గౌరవం ఎంతో, అలవాటు ఎంతో నాకు తెలియకపోలేదు. కాని ఆయన ‘ఏమోయ్’లో అలాంటి కల్తీ ఉండేది కాదు.

విద్యార్థులను ఏటా మే నెలలో రెంటచింతల వైపు తీసుకొచ్చేవారు. మన రాష్ట్రంలో ఎండ పుట్టిల్లు అది. పిల్లల్లో సగం మందిని రేకుల షెడ్డులో, సగం మందిని పాతకాలపు రాతి మిద్దెలో కూర్చోబెట్టి, మిట్టమధ్యాహ్నం అందరికీ ఒకటే ప్రశ్న ఇచ్చేవారు: ‘మీరు కూర్చున్న ఇంటిని గురించి రాయండి.’ మిద్దెలో పిల్లలు పేజీలు నింపేవాళ్ళు. షెడ్డులోవాళ్ళు కాగితంతో విసురుకునేవాళ్ళు. విసురుకున్నవాళ్ళకే ఎక్కువ మార్కులు వేసేవారు. “వాళ్ళకే పాఠం తెలిసింది” అనేవారు. కాలేజీకి తల్లిదండ్రులు ఫిర్యాదు రాసినా ఆ పరీక్ష మానలేదు. ఆ పిల్లలు పెద్దవాళ్ళై హైదరాబాదులో మొత్తం అద్దాలతో భవనాలు కట్టి, లోపల చలికి కోట్లు వేసుకుని, ఆయనకు ఫోటోలు పంపేవాళ్ళు. ఆయన ఆ ఫోటోలు నాకు చూపించి, ఫోను మూసేసి, “అందరూ మంచి మార్కులొచ్చిన పిల్లలే” అనేవారు. అంతకన్నా ఏమీ అనేవారు కాదు.

ఇంత మనిషికి సొంత ఇల్లు లేదు. రిటైరై నరసరావుపేట వచ్చి అద్దె ఇంట్లో దిగారు. కట్టించుకోలేక కాదు. పొయ్యి దగ్గర తెగలేదు. ఆయన భార్యకు, అంటే మా వదినగారికి, పొయ్యి ఆగ్నేయంలోనే ఉండాలి. ఈయనకు గాలివాలు చూసి పెట్టాలి. ఆ వాదం నా ఎదుటే ఎన్నోసార్లు జరిగింది.

“పొయ్యి ఒక్కటి ఆగ్నేయంలో పెట్టండి. మిగతా ఇల్లంతా మీ ఇష్టం” అనేది ఆవిడ.

“పొగ ఎటు పోవాలో గాలి చెబుద్ది. నువ్వు కాదు.”

“అయితే గాలినే వండమనండి.”

ఆయన కొత్త ప్లాను చుట్ట చుట్టి అటక మీద పడేసేవారు. కొన్నాళ్ళకు మరొకటి గీసేవారు. ఇందులో తమాషా ఏమిటంటే, వాళ్ళు అద్దెకున్న ఇల్లు ఏ మేస్త్రీ కట్టాడోగాని, అందులో పొయ్యి సరిగ్గా ఆగ్నేయంలో ఉంది. ఆవిడ ఆ ఇల్లు ఖాళీ చేయనివ్వలేదు. ఆర్కిటెక్చరు ప్రొఫెసరు గారు చివరిదాకా ఆ పొయ్యి మీద వండిన అన్నమే తిన్నారు.

ఇక ఆయనకు వాస్తు ఎలా అంటుకుందో చెప్పాలి.

మా ఊళ్ళో ఒక ఆసామి ఉన్నాడు. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు పెట్టి పైకొచ్చాడు. మా వీధి మధ్యలో మూడంతస్తుల మేడ కట్టాడు. ఈయన ఒక రోజు ఆ దారిన పోతూ తలెత్తి చూసి, పిలవకుండానే మేడ ఎక్కి, ఒక మూల దూలాన్ని తట్టి విని, ఆసామిని పైకి రమ్మన్నారు.

“ఈ నీళ్ళ ట్యాంకు ఇవాళే దించు. దూలం పగిలింది. అదుగో ఆ మెట్లగది మీద పెట్టు, అక్కడ గోడలు మందం.”

దించాల్సిన మూల ఈశాన్యం. మెట్లగది నైరుతి. ఈయన దిక్కు చూసి చెప్పలేదు, బీట చూసి చెప్పారు. కాని ఆసామి ట్యాంకు మార్చిన నెలలోనే పంచాయతీ ఎన్నికలు వచ్చాయి, అతను సర్పంచి అయ్యాడు. ఈశాన్యం తేలికపడింది, నైరుతి బరువెక్కింది, గెలవక ఏమవుతాడని ఊరి సిద్ధాంతి లెక్క తేల్చాడు. మర్నాటి నుంచి ఈయన అద్దె ఇంటి ముందు ప్లాను కాగితాలు పట్టుకుని జనం.

“ఒరేయ్ నాయనా, పగిలిన దూలం మీద ట్యాంకు పెడితే ఈశాన్యంలోనైనా కూలిద్ది, ఇంద్రలోకంలోనైనా కూలిద్ది. నేను చెప్పింది దూలం సంగతి!”

“అట్టాగేలే బాబాయ్. ఆ దూలం సంగతే మాకూ చెప్పు.”

“మీ ఇంట్లో దూలం పగల్లేదు గదా!”

“పగలకముందే చెప్పిచ్చుకుందామని.”

ఆయన ఎంత అరిస్తే అంత నమ్మారు. నిజంగా తెలిసినవాడు తనకు తెలుసని ఒప్పుకోడని మా వైపు ఒక నమ్మకం. చివరికి గేటుకు ‘ఇక్కడ వాస్తు చెప్పబడదు’ అని బోర్డు కట్టారు. దానితో చిరునామా తేలికైంది. మాచర్ల నుంచి బస్సు దిగినవాళ్ళు కూడా “వాస్తు బోర్డున్న ఇల్లు యాడ?” అని అడుగుతూ సూటిగా వచ్చేసేవాళ్ళు.

ఆయన తట్టకుండా చూసిన కట్టడం నా ఎరుకలో ఒక్కటే. మహాశివరాత్రికి మా ఊరి నుంచి కోటప్పకొండకు వెళ్ళే ప్రభ. కొయ్య చట్రం, వెదురు, తాళ్ళు, రంగు గుడ్డలు, ఇప్పుడు కరెంటు దీపాలు. తాటిచెట్టును మించిన ఎత్తు. ఏటా ఊరి కుర్రకారు కడుతుంటే ఈయన చేతులు కట్టుకుని, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా చూస్తూ నిలబడేవారు. “మనవాళ్ళు కట్టగలిగిన అసలైన భవనం ఇదొక్కటేనోయ్. పండగ కాంగానే విప్పేస్తారు గనక దీనికి వాస్తు అడగరు” అన్నారు ఒకసారి.

ఆ ప్రభ మూలంగానే ఆయనకూ నాకూ చెడింది.

మా ఇల్లు ఒకప్పుడు ఎలా ఉండేదో నా నోటితో చెప్పడం బాగుండదు. ఊరిని అడిగితే చెబుతుంది. ఇప్పుడెలా ఉందో కూడా ఊరే చెబుతుంది, అడగకుండానే. రాయీ సున్నమూ కలిపి కట్టిన పాత మిద్దె. పూర్వం మా వీధి ఇంటికి కొంత ఇవతలే ఉత్తరానికి మళ్ళిపోయేది. తాతగారు మునసబుగా ఉన్న రోజుల్లో అడ్డంగా ఉన్న దొడ్లు కొని, వీధిని సూటిగా మా గుమ్మానికి రప్పించారు. ఎందుకంటే, శివరాత్రికి ప్రభ కదిలి వస్తుంటే గడపలో నిలబడ్డవాళ్ళకు అది కింది నుంచి కొసదాకా ఎదురుగా కనపడాలి. ప్రభ మా గుమ్మం ముందు ఆగాలి. తొలి కొబ్బరికాయ మా ఇంటివాళ్ళు కొట్టాలి. ఆ తర్వాతే అది పక్కదారి పట్టి కొండకు పోవాలి. ఇప్పటికీ ఆ మర్యాద ఉంది. మాకు మిగిలిన మర్యాద అదే.

వీధి అయితే తిరిగింది గాని, ఆ తర్వాత మా రోజులు కూడా తిరిగాయి. పొలాలు పోయాయి. దానికి ఊరు చెప్పిన కారణం వీధిపోటు. వీధి నేరుగా వచ్చి ఇంటిని తాకితే వంశం నిలవదని శాస్త్రమట. నిజం చెప్పాలంటే మా ఇంట్లోనూ ఆ మాటే చెప్పుకునేవాళ్ళం. తాతగారు గొప్పవారు, నాన్నగారు గొప్పవారు, వీధి చెడ్డది. అలా చెప్పుకుంటే గోడ మీద పటాలకు దండ వేసేటప్పుడు చెయ్యి తడబడదు.

సర్పంచి అయిన సున్నపు బట్టీల ఆసామి ఒకనాడు సిద్ధాంతిని వెంటబెట్టుకుని వచ్చాడు. శివరాత్రి దగ్గరపడుతున్న రోజులు.

“బాబుగారూ, చూడలేక వొచ్చా. ఆ గుమ్మం మూసేయండి. ఉత్తరం పక్క సందులోకి వాకిలి పెట్టుకోండి. ఇటిక నాది, సున్నం నాది, కూలీ నాది.”

సందులోకి వాకిలి పెడితే ప్రభ అక్కడికి తిరగదు. తొలి కొబ్బరికాయ ఎవరి మేడ ముందు పగులుతుందో నాకు తెలుసు. నాకు తెలుసునని ఆసామికీ తెలుసు. అయినా ఒప్పుకున్నాను. కొబ్బరికాయ పోతే పోయింది. గుమ్మం మూస్తే తప్పు వీధిదేనని ఊరంతటి ఎదుట ఖాయమవుతుంది. తాతగారు, నాన్నగారు బయటపడతారు. ఇటుక మాత్రం నాదే తెప్పించుకున్నాను. ఒకరి సున్నంతో మా గుమ్మం మూసుకునేంత దూరం ఇంకా రాలేదు.

గుమ్మం మూసి, గోడను ఇంకోచోట తెరిస్తే మిద్దె నిలుస్తుందో లేదో చూడాలి గనక ప్రొఫెసరు గారికి కబురు పంపాను. ఆయన ఆటో దిగి, అరుగు మీదున్న సర్పంచినీ సిద్ధాంతినీ దాటుకుని నేరుగా గుమ్మం పక్క గోడ దగ్గరికి వెళ్ళి తట్టారు.

“మజ్జిగ తాగరా ముందు. గోడ యాడికీ పోదు” అంది మా మేనత్త లోపలి నుంచి. భర్త పోయినప్పటి నుంచీ ఆవిడ మా ఇంట్లోనే ఉంటుంది. ఊళ్ళో పిల్లలందరినీ ఆవిడ ‘ఏరా’ అంటుంది. ఈయనకు పదవీ విరమణ అయ్యాక కూడా అదే పిలుపు.

ఆయన ఇటుకల కుప్ప వైపు చూశారు. “ఎందుకు మూస్తున్నావోయ్?”

“వీధిపోటు” అన్నాను.

“తూర్పు ఆగ్నేయపు పోటండీ. మూడు తరాలు తినందే వొదల్దు” అని సిద్ధాంతి అందుకున్నాడు.

“ఇల్లు ముందా, వీధి ముందా?”

మేనత్త మజ్జిగ చెంబుతో వస్తూ చెప్పింది. “ఇల్లే ముందు. వీధిని మా నాయన తిప్పిచ్చాడు.”

“అయితే వీధి చేసిందేముంది? పనిమాలా పిలిపిచ్చి, వచ్చినాక తిడతన్నారు.”

సర్పంచి నవ్వబోయి నా ముఖం చూసి ఆపుకున్నాడు. ప్రొఫెసరు గారు లోపలికి వెళ్ళారు. తట్టిన చప్పుడు హాల్లో వినిపించింది, తర్వాత వంటింట్లో, తర్వాత దూరంగా ధాన్యపు గదిలో. ఆపరేషను గది బయట బంధువుల్లా కూర్చున్నాం. కాసేపటికి పెరటి గోడ చుట్టూ తిరిగి అరుగు మీదికి వచ్చారు. వేలి కణుపుకు సున్నం అంటి ఉంది. మజ్జిగ తాగారు. చెంబు కింద పెట్టారు.

“ఈ ఇంట్లో లోపం లేదు” అన్నారు.

“అదిగాదండీ, శాస్త్రం...” అన్నాడు సిద్ధాంతి.

“నాకు తెలిసింది గోడల శాస్త్రం. పల్నాడంతా తిరిగాను. ఇంత నికార్సయిన ఇల్లు చూళ్ళేదు. ఈ గుమ్మంలో నించి వచ్చే గాలే వెనక గదుల దాకా పోతంది. ఇది మూస్తే ఇల్లు ఉడికిపోద్ది. గోడ బాగుంది, దూలం బాగుంది, గుమ్మం బాగుంది. ఇంట్లో ఏ లోపమూ లేదు.”

ఇంట్లో లోపం లేకపోతే మరి ఎవరిలో ఉంది? ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అందరూ మర్యాదస్థులే. సర్పంచి చెప్పులు చూసుకున్నాడు. సిద్ధాంతి పంచాంగం మూశాడు. తెరిచిన తలుపులోంచి హాల్లో తాతగారి పటం, పక్కన నాన్నగారి పటం కనిపిస్తున్నాయి. అవి ఎప్పుడూ అక్కడే ఉన్నా, అందరి కళ్ళూ ఒక్కసారి వాటి మీదికి వెళ్ళడం నేను చూశాను.

మేనత్త చెంబు తీసుకుంటూ అంది: “ఆ మాట మా నాయన ఉండగా వొచ్చి చెప్పాల్సింది గదరా. ఇన్నేళ్ళూ ఆ వీధిని ఊరికే తిట్టా.”

మా ఇంటికి వచ్చిన మనిషిని గుమ్మం దాటి సాగనంపకపోవడం అదే మొదటిసారి. నేను కుర్చీలోంచి లేవలేదు. ఆయన అదేమీ గమనించినట్టు లేదు. పోతూ పోతూ గుమ్మం రాతిని ఇంకోసారి తట్టి, తల ఊపి, ఆటో ఎక్కారు.

ఆ రోజంతా కోపంతో ఉన్నాను. కోపం తగ్గాక ఆలోచించాను. ఒక ఇంజనీరు వచ్చి మా ఇంటిని పల్నాడులోకెల్లా గట్టిదన్నాడు. ఇప్పుడు గుమ్మం మూస్తే ఆ మాట అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టు. మూయకపోతే తాతగారిదీ నాన్నగారిదీ తప్పని ఒప్పుకున్నట్టు. ఇంటివాళ్ళ పరువు ఎటూ పోయింది, ఇంటి పరువైనా ఉండనీ అనుకున్నాను. ఇటుకలు తిప్పి పంపాను.

ఆ శివరాత్రికి ప్రభ వీధిలో నిటారుగా నడిచి వచ్చింది. సర్పంచి తన మేడ గేటు దగ్గర కొబ్బరికాయల గంపతో నిలబడే ఉన్నాడు. ప్రభ ఆగకుండా అతన్ని దాటి, మా గుమ్మం ముందు ఆగింది. కొబ్బరికాయ నేనే కొట్టాను.

పండగ వెళ్ళేసరికి ఊళ్ళో కథ తయారైంది. ‘ఇంజనీరు బాబాయి బాబుగారి గోడ మీద మూడు దెబ్బలు కొట్టి వీధిపోటు విరగ్గొట్టాడు. సిద్ధాంతి చూస్తానే ఉన్నాడు, నోరెత్తలా.’ నా చెవిన పడింది. ఔనని అనలేదు, కాదని అనలేదు. ఆ కథలో పోటు ఉంది. పోటు ఉంటే తాతగారు, నాన్నగారు మళ్ళీ నిర్దోషులు. కాదనవలసిన తొందర నాకు కనపడలేదు.

ఆయన మాత్రం మండిపడుతూ వచ్చారు. ఆ రోజు ఏ గోడా తట్టకుండా నేరుగా నా ముందుకు వచ్చి నిలబడ్డారు.

“ఏమోయ్, ఏందిది? నేను పోటు విరగ్గొట్టానంటనే! నువ్వు విన్నావు గదా నేనేం చెప్పానో. చెప్పు వాళ్ళకి.”

“ఊరికి సంజాయిషీ ఇచ్చే అలవాటు మా వంశంలో లేదు” అన్నాను.

ఆయన నవ్వారు. “ఆ అలవాటు లేకే గదోయ్ ఇంత దాకా వచ్చింది!” అన్నారు. మెట్లు దిగి మళ్ళీ వెనక్కి తిరిగారు. “ఎప్పుడో ఒకప్పుడు చెప్పాలి. గోడ వచ్చి ఊరికి చెప్పదు గదా. నోరున్నోడివి నువ్వే.”

తర్వాత ఎక్కడన్నా కనపడితే పలకరించుకునేవాళ్ళం. ఆయన మాత్రం మా గుమ్మం తొక్కలేదు.

సంతాపసభ మా ఊళ్ళోనే పెట్టారు. పెట్టింది సర్పంచి. మా వీధిలో, తన మేడ ముందు షామియానా వేయించాడు. బస్టాండులో చూసిన ఫ్లెక్సీకి అన్నలాంటిది ఇక్కడ వెనక కట్టాడు. అందులోనూ ఆ జరీ కండువా ఒళ్ళే. వదినగారు ముందు వరసలో కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చుంటే ఫ్లెక్సీ వైపు చూపించింది.

“ఆ చొక్కా లేని మనిషి ఎవరండీ? ఈయన ఇంట్లో కూడా బనీనుతో తిరిగేవారు గాదు.”

చివరి రోజుల్లో ఎలా ఉండేవారని అడిగాను.

“ఎట్టా ఉంటారు? ఆస్పత్రిలో స్పృహ వొచ్చినప్పుడు చెయ్యి చాపితే నాకోసమేమో అనుకున్నా. మంచం పక్క గోడ కొట్టారు. ‘జిప్సం అట్ట’ అని మొహం తిప్పుకున్నారు. ఆయన మాట్టాడిన ఆఖరి మాట అదే.” పైట చెంగు కళ్ళకు అద్దుకుంది. “అటక నిండా ఇళ్ళున్నయ్. ఎవరికిచ్చేది?”

సర్పంచి మైకు పుచ్చుకున్నాడు. తన ట్యాంకు కథ చెప్పాడు. తను ఈ పదవిలో కూర్చోవడానికి కారణం ఆ మహానుభావుడు చూపించిన నైరుతి అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“బాబుగారి ఇంటి వీధిపోటు ఏలితో విరగ్గొట్టిన దేవుడు ఆయన. ఆ సంగతి బాబుగారి నోటనే విందాం.”

మైకు నా చేతికొచ్చింది. లేచి నిలబడ్డాను. వీధి చివర మా గుమ్మం సూటిగా కనిపిస్తోంది. తాతగారు ఆ వీధిని తిప్పింది గుమ్మంలోంచి వీధి కనపడాలని. వీధిలోంచి మా గుమ్మం కూడా అంత సూటిగా కనపడుతుందని ఆయన అనుకుని ఉండరు. రెండు ముక్కల్లో ముగించవచ్చు. ‘గొప్ప మనిషి, తీరని లోటు’ అని కూర్చుంటే మా పటాలకు ఏ మచ్చా రాదు. పక్కన వదినగారు ఫ్లెక్సీలోని ఆ పరాయి ఒంటివైపు చూస్తూ కూర్చుని ఉంది.

“ఆయన మా ఇంట్లో ఏ పోటూ విరగ్గొట్టలేదు” అన్నాను. “విరగ్గొట్టడానికి అక్కడ పోటు లేదు. ఈ ఇంట్లో లోపం లేదు అని చెప్పారు. అది నిజం. లోపం లేని ఇంట్లో ఉండే మేం పొలాలు పోగొట్టుకున్నాం. మా తాతగారు పొలం గట్టు కోసం కోర్టుకెక్కారు. గట్టు సంగతి తేలేలోపు పొలం పోయింది. మా నాన్నగారు ఎన్నికల్లో నిలబడ్డారు. ఓడినప్పుడల్లా ఇంకోసారి నిలబడ్డారు. వీధి ఏ పాపమూ ఎరగదు. ఈ చనిపోయిన మనిషి ఎవరికీ వాస్తు చెప్పలేదు. బీటలు చూసి చెప్పారు. ఆయన ఇంజనీరు, పాఠాలు చెప్పిన మేష్టారు. ఆ ఫ్లెక్సీ మీద మాట ఆయనది కాదు, ఒళ్ళు కూడా ఆయనది కాదు.”

నా వెన్ను ఎప్పుడూ నిటారుగానే ఉంటుంది. ఆ పూట మాత్రం దాన్ని అలా నిలబెట్టడానికి కుర్చీ వీపు పట్టుకోవాల్సి వచ్చింది. మా తాతగారి పేరు ఆ వీధిలో అలా వినిపించడం అదే మొదలు. ముసలివాళ్ళు కొందరు తలలు దించుకున్నారు. ఆ మాట వాళ్ళకు ఎప్పటి నుంచో తెలుసు.

సర్పంచి నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

“చూశారా! అంత వాస్తు చేసి కూడా తన పేరు చెప్పొద్దని మాట తీసుకున్నాడు ఆ మహాత్ముడు. బాబుగారు ఆ మాట కోసం సొంత వంశాన్నే తగ్గిచ్చుకున్నారు. అదీ పెద్దింటి మాటంటే!”

చప్పట్లు మోగాయి. అంత గట్టి చప్పట్లు మా నాన్నగారి ఏ ఎన్నికల సభలోనూ నేను వినలేదు. వదినగారు ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. లేచి వెళ్తూ నా దగ్గర ఆగింది.

“మీరన్నా చెప్పారు” అంది. కారెక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున గుమ్మం తీస్తే, ఆయన తట్టిన చోట గోడకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. కింద ఒక అరటిపండు, దానికి గుచ్చిన అగరొత్తి. తడిగుడ్డ తెచ్చి తుడిచాను. ఆ మర్నాడు మళ్ళీ బొట్టు. ఈసారి పక్కనే ఒక ఇంటి ప్లాను కాగితం, ఎగరకుండా కొబ్బరిచిప్ప బరువు పెట్టి. అది కూడా తీసేశాను. ఇప్పుడు పరాయి ఊళ్ళవాళ్ళు కూడా వస్తున్నారు. వచ్చి, నడిమివేలు మడిచి, ఆ చోట మూడుసార్లు తట్టి, చెవి ఒగ్గి విని, కళ్ళకద్దుకుని పోతున్నారు.

“పోనియ్యరా, పసుపే గదా. గోడ అరిగిపోద్దా?” అంటుంది మేనత్త.

అరగదు, నిజమే. పల్నాడులో ఇంత నికార్సయిన గోడ లేదని చూసినవాడు చెప్పాడు. అయినా రోజూ పొద్దున్నే లేచి, ఊరు లేవకముందే ఆ చోటు తుడుస్తున్నాను. సున్నపు గోడ మీద కుంకుమ అంత తేలిగ్గా పోదు. మా ఇంట్లో మగవాడికి రోజూ చేయవలసిన పనంటూ ఒకటి ఏర్పడటం, నాకు తెలిసినంతలో, ఇదే మొదలు.